కాకతీయకు తనదైన కులపతి ఎప్పుడు?

ఆర్యా,

విశ్వవిద్యాలయ కులపతుల (ఛాన్సలర్ల) నాయకత్వం గురించి మీ సంపాదకీయ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో చెప్పినవి చాలావరకు ఉపకులపతులకు (వైస్ ఛాన్సలర్లకు) వర్తించేవే. కులపతి కుర్చీలో ఎవరు, ఏ అర్హతతో, ఎన్నాళ్లు కూర్చుంటున్నారన్న ప్రశ్న మాత్రం పక్కకు పోయింది. హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పి విరమణ పొందినవాణ్ని కాబట్టి, కాకతీయ విశ్వవిద్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం గవర్నరునే హోదా రీత్యా కులపతిని చేసింది. గవర్నరు కాకముందు వారు విద్యారంగానికి ఏం చేశారని అడిగే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ పదవి గవర్నరు పదవితోనే వస్తుంది, దానితోనే పోతుంది. 2024లోనే తమిళిసై సౌందరరాజన్, సి.పి. రాధాకృష్ణన్, జిష్ణుదేవ్ వర్మ ఒకరి తర్వాత ఒకరు మనకు కులపతులుగా ఉన్నారు. అదే ఏడాది మే నెలలో ఉపకులపతుల గడువు తీరిపోగా, అక్టోబరులో కొత్తవారు వచ్చేదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జిలుగా బండి నడిపించారు. ఆ ముగ్గురిలో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇన్ని విశ్వవిద్యాలయాలకు ఒక్కరే పెద్దదిక్కు అయినప్పుడు, ఏ ఒక్కదానికీ పెద్దదిక్కు లేనట్టే అవుతుందని మాత్రమే అంటున్నాను.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పద్ధతి వేరు. అక్కడ రాష్ట్రపతి విజిటర్‌గా, అంటే పర్యవేక్షక హోదాలో ఉంటారు, కులపతిగా మరొకరిని నియమిస్తారు. ఆ పదవిని అలంకరించినవారిలో ఇద్దరు మన ఉత్తర తెలంగాణ బిడ్డలే: కరీంనగర్ జిల్లాకు చెందిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు, వరంగల్ జిల్లా గవిచర్లలో పుట్టిన జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి. హనుమంతరావు ప్రణాళికా సంఘం సభ్యులుగా పనిచేశారు. కరువు ప్రాంతాల పథకాలను సమీక్షించడానికి వేసిన కమిటీకి ఆయన అధ్యక్షత వహించగా, 1994లో వచ్చిన ఆ నివేదిక ఆధారంగానే వాన నీటిని, నేలను కాపాడే వాటర్‌షెడ్ పనుల మార్గదర్శకాలు తయారయ్యాయి. మెట్ట సేద్యపు ఊళ్లలో వాటర్‌షెడ్ కమిటీ అన్న మాట రైతు నోట పలకడం వెనుక ఆ కృషి ఉంది. అటువంటి మనిషి కులపతిగా వేదిక మీద కూర్చుంటే, ఎదురుగా పట్టా కోసం వరుసలో నిలబడిన పిల్లవాడికి ఆయన జీవితమే ఒక పాఠంగా కనిపిస్తుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ బాసర. పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్ల సమీకృత సాంకేతిక విద్య అందించడానికి 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి, కంప్యూటర్ శాస్త్రంలో 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి కులపతిగా వ్యవహరించారు. తర్వాత ఏమైందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2022 జూన్‌లో అక్కడి పిల్లలు వానకూ ఎండకూ వెరవక రోజుల తరబడి బైఠాయించారు. పూర్తికాలపు ఉపకులపతి కావాలన్నది వారి కోరికల్లో ఒకటి, మెస్‌లో తినగలిగే అన్నం మరొకటి. ఆగస్టులో గవర్నరు అక్కడికి వెళ్లి విద్యార్థులతో కలిసి అల్పాహారం తీసుకున్నారు. చూడ్డానికి ఇది చిన్న విషయం. కానీ కులపతి అన్న మాటకు మన ప్రాచీనులు ఇచ్చిన నిర్వచనం ఏమిటి? పదివేల మందికి అన్నం పెట్టి చదువు చెప్పేవాడు కులపతి. చదువు కంటే ముందు అన్నం వచ్చింది చూడండి. పురాణాల్లో నైమిశారణ్యంలోని శౌనక మహర్షికి ఉన్న బిరుదు అదే. మన కాకతీయ ఉన్నచోటుకు విద్యారణ్యపురి అని పేరు పెట్టుకున్నాం కానీ, ఆ అరణ్యంలో హాస్టల్ అన్నం ఎలా ఉందో చూసే కులపతి మాత్రం లేడు.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనూ కులపతికి పెద్దగా అధికారాలు లేవని, స్నాతకోత్సవానికి అధ్యక్షత వహించడంతోనే పని తీరిపోతుందని కొందరంటారు. అది నిజమే. అందుకే పేరు మారితే చాలదు, పని కూడా అప్పగించాలి. ఉపకులపతి గడువు ముగిసే ఆరు నెలల ముందే, కొత్తవారి పేర్లు సూచించే అన్వేషణ సంఘాన్ని పనిలో పెట్టించే బాధ్యత కులపతిదే కావాలి. గవర్నరును తప్పించి ఆ కుర్చీలో ముఖ్యమంత్రిని కూర్చోబెట్టడానికి 2022లో పశ్చిమ బెంగాల్ శాసనసభ బిల్లు ఆమోదించింది. అది పెనం మీది నుంచి పొయ్యిలో పడినట్టే. అదే ఏడాది కేరళ ప్రభుత్వం తమ సంప్రదాయ కళల విశ్వవిద్యాలయమైన కళామండలానికి నాట్యకళాకారిణి మల్లికా సారాభాయ్‌ను కులపతిగా నియమించింది. నాకు నచ్చిన దారి ఇదే. గవర్నర్ల మీద కులపతి భారం మోపవద్దని 2010లోనే, కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ చెప్పిన సంగతి కూడా మరచిపోకూడదు.

మన దగ్గర మనుషులకు కొరత లేదు. వరంగల్ సీకేఎం కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కొత్తపల్లి జయశంకర్ తర్వాత కాకతీయకే ఉపకులపతి అయ్యారు. ఈ ఊరి పిల్లల అవసరాలేమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

1976 ఆగస్టు 19న ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయానికి 2026తో యాభై ఏళ్లు. ఆ సందర్భంగా కట్టే తోరణాల ఖర్చులో కొంత తగ్గినా ఫరవాలేదు. 1991 చట్టాన్ని సవరించి, గవర్నరును విజిటర్‌గా ఉంచి, విద్యారంగంలో పేరున్న ఒకరిని నిర్ణీత కాలానికి కులపతిగా నియమించే బిల్లును శాసనసభ ముందు పెట్టాలని వరంగల్, హనుమకొండ శాసనసభ్యులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ