రోజుకు నాలుగు పాటలు కాదు, రెండే: డ్రమ్స్ సెషన్ల గురించి మా కస్టమర్లకు

నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా స్టూడియోలో లైవ్ డ్రమ్స్‌కి రోజుకు రెండు పాటలే తీసుకుంటాం. ఇప్పటిదాకా నాలుగు వరకూ ఒప్పుకునేవాళ్లం. రోజు అద్దెలో మార్పు లేదు. అంటే నాలుగు పాటలు చేయించుకునేవాళ్లకు పాట లెక్కన ఖర్చు రెట్టింపు పడుతుంది. ఆ మాట ముందే చెప్పేసి, ఎందుకో వివరంగా రాస్తున్నాం.

నాలుగు పాటలు ఒప్పుకున్న రోజుల్లో కోత పడింది సెటప్‌కే. ట్యూనింగ్ అరగంటలో ముగించాం. ఓవర్‌హెడ్ మైకులను (కిట్ మొత్తాన్నీ పైనుంచి పట్టే రెండు మైకులు) దూరం కొలవకుండా కంటి అంచనాతో నిలబెట్టాం. దాని ఫలితం కొన్ని పాటల్లో తెలుస్తోంది. హెడ్‌ఫోన్స్‌లో నిండుగా ఉన్న స్నేర్ (కింద తీగలుండే ప్రధాన డ్రమ్), ఫోన్ స్పీకర్‌లో మోనోగా, అంటే ఎడమ కుడి ఒకటిగా కలిసి మోగేసరికి రేకు డబ్బాలా పలచబడిపోతోంది. మీలో కొందరు చెప్పాక పాత సెషన్లు తెరిచి ఒక్కో ట్రాకూ విన్నాం. లోపం మిక్స్‌లో లేదు, మైకులు పెట్టిన చోటే ఉంది. అది మా తప్పు.

శబ్దం గాల్లో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే 34 సెంటీమీటర్లకు ఒక మిల్లీసెకను. స్నేర్ నుంచి ఎడమ ఓవర్‌హెడ్ 100 సెంటీమీటర్లు, కుడిది 117 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఒకే దెబ్బ కుడి మైకుకి అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. స్టీరియోలో వింటే స్నేర్ కాస్త ఎడమకి జరిగినట్టుంటుంది, అంతే. రెండిటినీ మోనోలో కలిపితే మాత్రం 1000 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 3000, 5000 దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్‌లో కర్ర తగిలిన స్పష్టత చాలావరకు ఉండేది ఆ మేరలోనే. ఈక్యూతో (ఒక్కో మేర స్వరాల్ని పెంచి తగ్గించే సాధనం) పెంచుదామంటే అక్కడ మిగిలిందేమీ ఉండదు. కంప్యూటర్‌లో కుడి ట్రాకుని అర మిల్లీసెకను ముందుకి జరిపితే స్నేర్ సర్దుకుంటుంది కానీ, ఆ పక్కనున్న ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబడే పెద్ద డ్రమ్), రైడ్ సింబల్ కూడా దానితోపాటే జరిగిపోతాయి.

కాబట్టి ఇక ప్రతి సెషన్‌లోనూ దారంతో కొలుస్తాం. సాగని దారం కావాలి, ఎలాస్టిక్ పనికిరాదు. ఒక కొసను స్నేర్ నడిమధ్య పెట్టి డ్రమ్మర్ వేలితో అదిమిపట్టుకుంటారు. రెండో కొసను బిగువుగా ఎడమ మైకు ముఖం దాకా లాగి, తాకిన చోట ముడి వేస్తాం. అదే ముడిని కుడి మైకు దగ్గరికి తీసుకెళ్తే అది కూడా సరిగ్గా ఆనాలి. ఆనకపోతే స్టాండు జరుపుతాం. తర్వాత కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) మీద పెడల్ బీటర్ తగిలే చోటు నుంచి కూడా రెండు మైకులూ సమాన దూరంలో ఉన్నాయో లేదో చూస్తాం. రెండు కొలతలూ కుదిరే చోటు వెతకడానికి పది నిమిషాలు పట్టవచ్చు. కుదరకపోతే స్నేర్‌కే ప్రాధాన్యం.

ఆపైన ఒక్కో దగ్గరి మైకుని ఓవర్‌హెడ్స్‌తో కలిపి, మోనోలో, పోలారిటీ బటన్ (మైకు సిగ్నల్‌ని తలకిందులు చేసేది) అటూ ఇటూ నొక్కి వింటాం. ఏ వైపు అడుగు మోత నిండుగా ఉంటే అదే ఉంచుతాం. స్నేర్ కింది మైకు పోలారిటీని మాత్రం మొదటి నుంచే తిప్పి పెడతాం. కర్ర పడగానే పై హెడ్ (డ్రమ్ మీద బిగించిన పొర) కిందికి పోతుంది, అంటే పై మైకుకి దూరమవుతుంది. అదే క్షణంలో కింది హెడ్ కింది మైకు వైపు వస్తుంది. రెండు మైకులూ ఒకే దెబ్బను ఎదురెదురుగా పట్టుకుంటాయి కాబట్టి, తిప్పకుండా కలిపితే స్నేర్ కండ పోతుంది.

ఇక ట్యూనింగ్. ఎక్కువ సమయం పట్టేది దీనికే, పట్టనివ్వాలి కూడా. డ్రమ్మర్లను అడిగేదేమిటంటే, కొట్టే వైపు హెడ్స్ కొత్తవి వేసుకుని రండి, అదీ సెషన్‌కి ఒక రోజు ముందే. ఆ పూటే వేసిన హెడ్ మొదటి గంటలో సాగుతూనే ఉంటుంది, ఒక్క టేక్ పూర్తయ్యేలోపే శ్రుతి దిగుతుంది. కింది హెడ్స్‌కి గుంటలు, నలుగుళ్లు లేకపోతే పాతవే ఉంచొచ్చు. ఎండలో కారులో ఉన్న కిట్‌ని దించగానే ట్యూనింగ్ కీ పట్టుకోవద్దు. ఇవి ప్లాస్టిక్ హెడ్స్, వేడికీ చలికీ శ్రుతి మారుతుంది. గది చల్లబడి, కిట్ అందులో గంటసేపు ఉన్నాకే ట్యూనింగ్ మొదలుపెడతాం. ఆ తర్వాత రోజంతా గదిని ఒకే చల్లదనంలో ఉంచుతాం.

హెడ్‌ని బిగించే మరలైన రాడ్లన్నిటినీ ముందు వేళ్లతోనే బిగించి, తర్వాత కీతో ఎదురెదురు జతలుగా అర తిప్పు చొప్పున పెంచుతాం. నడుమ అరచేత్తో ఒకసారి అదిమితే హెడ్ అంచు మీద సరిగ్గా కూర్చుంటుంది. ప్రతి రాడ్‌కీ అంగుళం దూరంలో కర్రతో మెల్లగా తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం పలికేదాకా సరిచేస్తాం. ఒక రాడ్ శ్రుతి ఎక్కువైతే కొంచెం తగ్గించి వదిలేయకూడదు. కావలసిన దానికన్నా కిందికి దించి మళ్లీ పైకి బిగించాలి. వదులు చేసి ఆపిన రాడ్ నాలుగు దెబ్బలకే ఇంకా సడలుతుంది. టామ్స్‌కి కింది హెడ్‌ని పై హెడ్ కన్నా కాస్త పైశ్రుతిలో పెడితే మోత చక్కగా దిగి ఆగుతుంది. టామ్ కొట్టినప్పుడల్లా స్నేర్ తీగలు బుజ్‌మని మోగితే, ఆ రెండిటి శ్రుతీ ఒకేచోట కలిసిందన్నమాట. మోత తగ్గించడానికి టేపులు అంటించే ముందు ఆ టామ్ శ్రుతిని కొంచెం పైకో కిందికో జరపాలి, లేదా స్నేర్ కింది వైపు తీగల పక్కనున్న రాడ్లను కొద్దిగా సడలించాలి. పూర్తిగా పోదు. పాటలో వినపడనంతగా తగ్గితే చాలు.

స్నేర్ మీద రిమ్‌షాట్ (అంచునీ హెడ్‌నీ ఒకేసారి కొట్టే దెబ్బ) పడే వైపున్న రెండు రాడ్లు అన్నిటికన్నా ముందు సడలుతాయి. అందుకే మొదటి టేక్‌కి ముందు నాలుగు విడి దెబ్బలు రికార్డ్ చేసి పెట్టుకుని, ప్రతి రెండు టేకులకూ ఒకసారి మళ్లీ నాలుగు కొట్టించి పోల్చి చూస్తాం. ఇది మానేసిన రోజుల్లో మూడో టేక్ మొదటి సగం, ఐదో టేక్ రెండో సగం కలిపి అతికితే రెండు వేర్వేరు స్నేర్‌లు అతికినట్టే వచ్చింది.

లెవెల్స్ సంగతి క్లుప్తంగా: రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో. అత్యంత గట్టి దెబ్బ కూడా మీటర్ మీద మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెడతాం. సౌండ్ చెక్‌లో మెల్లగా వాయించి, టేక్‌లో ఊపు వచ్చాక గట్టిగా కొట్టడం అందరూ చేసేదే. అందుకని చెక్‌లోనే పాటలో అన్నిటికన్నా జోరైన భాగం పూర్తిగా వాయించమంటాం. గేట్లు (మెల్లని చప్పుళ్లను కోసేసే సాధనాలు) వేసి రికార్డ్ చేయం. గేట్ తినేసిన మెల్లని దెబ్బల్ని తర్వాత ఎవరూ వెనక్కి తేలేరు.

స్నేర్ ట్రాకులో హై-హ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట సింబల్స్) ఎక్కువ వినిపిస్తోందన్న ఫిర్యాదు తరచూ వస్తుంటుంది. స్నేర్ మీద మేం వాడే ఎస్ఎం57 మైకు తన వెనక నుంచి వచ్చే చప్పుడును బాగా తక్కువ పట్టుకుంటుంది. దాన్ని రిమ్ మీద 3 సెంటీమీటర్ల ఎత్తున, స్నేర్ నడుమ వైపు చూసేలా పెట్టి, తోక సరిగ్గా హై-హ్యాట్‌కి తిప్పితే చాలా తేడా వస్తుంది. హై-హ్యాట్‌ని బెత్తెడు పైకి లేపితే ఇంకొంత తగ్గుతుంది. మిగిలిందంతా వాయించే చేతిలో ఉంది. హై-హ్యాట్ మీద బరువుగా, స్నేర్ మీద తేలికగా కొట్టే అలవాటుంటే ఏ మైకూ దాన్ని సరిదిద్దలేదు. సెషన్‌కి ముందు ఆ ఒక్కదాని మీద వారం రోజులు సాధన చేయమని డ్రమ్మర్లకు మనస్ఫూర్తిగా చెబుతున్నాం. సింబల్స్ కూడా పలచనివి తెచ్చుకోండి. స్టేజీ మీద బాగుండే మందపాటి క్రాష్‌లు స్టూడియోలో అన్ని మైకుల్నీ ముంచేస్తాయి.

మా గది గురించి ఒక నిజం కూడా చెప్పాలి. పైకప్పు ఎత్తు 2.7 మీటర్లే. సింబల్ చప్పుడు కప్పుకి తగిలి ఓవర్‌హెడ్ మైకుకి తిరిగొచ్చేసరికి సుమారు 2 మీటర్లు ఎక్కువ ప్రయాణిస్తుంది, అంటే దాదాపు 6 మిల్లీసెకన్ల ఆలస్యం. పైన చెప్పిన కొట్టేసుకోవడం ఇక్కడా జరుగుతుంది. దీనికోసం కిట్ మీద 10 సెంటీమీటర్ల మందం ఉన్న రాక్‌వూల్ ప్యానెళ్లు, కప్పుకీ వాటికీ మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీతో వేలాడదీశాం. సింబల్స్, స్నేర్ బాగా శుభ్రపడ్డాయి. కిక్ అడుగు మోత మీద మాత్రం వాటి ప్రభావం తక్కువ. దగ్గరగా, పొడిగా, గట్టిగా ఉండే డ్రమ్స్ మా దగ్గర బాగా వస్తాయి. పెద్ద హాలులో మోగినట్టు విశాలంగా కావాలంటే, రూమ్ మైకుల్ని 3 మీటర్ల దూరం పెట్టినా మా గదిలో అది రాదు. అలాంటి పాటకి ఎత్తైన కప్పున్న స్టూడియో చూసుకోండి. బుకింగ్ పోతుందని ఈ మాట దాచం.

మీ నుంచి వచ్చే ఫైళ్ల వల్ల కూడా గంటలు పోతున్నాయి. గైడ్ ట్రాకులన్నీ (డ్రమ్మర్ వింటూ వాయించే పాట ట్రాకులు) సున్నా నుంచి మొదలయ్యే వేవ్ ఫైళ్లుగా, 48 కిలోహెర్ట్జ్‌లో, ముందు రెండు బార్ల కౌంట్‌తో పంపండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన ఫైల్‌ని మార్చకుండా 48 సెషన్‌లో పెడితే 4 నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి ఒకటిన్నర సెమిటోన్ దాకా పైకి పోతుంది. సగం పాట వాయించాక గాని ఎవరికీ అనుమానం రాదు. టెంపో మధ్యలో మారే పాటైతే టెంపో మ్యాప్‌ని మిడి ఫైల్‌గా జతచేయండి. క్లిక్‌ని (తాళం చూపే టిక్ టిక్) గైడ్‌లో కలిపేయకుండా విడిగా ఇవ్వండి. చివరి క్రాష్ సన్నగా ఆరిపోతున్నప్పుడు డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్ నుంచి కారే టిక్ టిక్ ఓవర్‌హెడ్స్‌లోకి ఎక్కుతుంది. క్లిక్ విడిగా ఉంటేనే ఆఖరి దెబ్బకి దాన్ని ఆపగలం.

టేకులు పూర్తయ్యాక పావుగంట విడి దెబ్బలు తీస్తాం. ప్రతి డ్రమ్‌నీ మెల్లగా నుంచి గట్టిగా ఐదు స్థాయిల్లో, ప్రతి సింబల్‌నీ పూర్తిగా ఆరిపోయేదాకా. ఎడిటింగ్‌లో ఒక దెబ్బ చెడితే అదే కిట్, అదే గది నుంచి అతుకు దొరుకుతుంది. 12 మైకులతో 4 నిమిషాల పాట ఒక్క టేక్‌కి సుమారు 415 ఎంబీ అవుతుంది, ఐదు టేకులకు 2 జీబీ దాటుతుంది. ఖాళీ ఉన్న డ్రైవ్ తెచ్చుకోండి.

కొత్త రోజు ఇలా ఉంటుంది: 9కి కిట్ లోపలికి, 10కి ట్యూనింగ్, 11:30కి మైకులు, దారం, పోలారిటీ, 12:30కి మొదటి టేక్. వచ్చే నెలలో ఇప్పటికే నాలుగు పాటలకు బుక్ చేసుకున్నవాళ్లకు రెండో రోజు సగం అద్దెకే ఇస్తాం. కిట్, మైకులు రాత్రంతా కదపకుండా అలాగే ఉంచుతాం. మోనోలో స్నేర్ పలచబడిన పాత పాటల ముడి ట్రాకులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. సెషన్ తేదీ, పాట పేరు పంపితే ఓవర్‌హెడ్స్ సర్ది, విడి దెబ్బలున్న చోట వాటిని స్నేర్ కింద కలిపి, డబ్బు తీసుకోకుండా తిరిగి ఇస్తాం. అలా చేసినా సరిగ్గా రాని పాట ఉంటే, డ్రమ్మర్‌ని తీసుకుని రండి, ఆ ఒక్క పాట మా ఖర్చుతో మళ్లీ రికార్డ్ చేద్దాం.