60/40 అని ముద్రించి పంపిన సోల్డర్ తీగపై ఫిర్యాదు

కడప

నాణ్యతా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మీ దగ్గర కొన్న 3 మి.మీ. సోల్డర్ తీగ (కరిగించి లోహాలను అతికే తీగ, లోపల రోజిన్ లేనిది) చుట్టల మీద 60/40 అని ఉంది. అంటే తగరం 60 పాళ్ళు, సీసం 40 పాళ్ళు ఉండాలి. ఈ తీగ ఆ లెక్కకు సరిపోవడం లేదు. రంగుటద్దాల కిటికీల్లో అద్దం ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలు కలిసే చోట అతుకు పరుచుకోకుండా ముద్దకడుతోంది. బిట్ (సోల్డరింగ్ ఐరన్ మొన) ఎత్తితే తోకలు సాగుతున్నాయి. చల్లారాక బూడిదరంగులో గరుగ్గా మిగులుతోంది.

ఫోన్లో మీ సిబ్బంది అడిగినవన్నీ చూశాం. పట్టీ మీది ఆక్సైడు పొరను ఇత్తడి బ్రష్‌తో తళుక్కుమనేదాకా గీకాం. సందున్న చోట సీసపు ముక్క దూర్చాం. ఫ్లక్స్‌గా, అంటే అతుకు బాగా పట్టడానికి, స్టియరిన్ మైనం రుద్దాం. బిట్‌కు నవాసాగరం దిమ్మ మీద కళాయి పట్టించాం. పని కింద ఉన్నది ప్లైవుడ్, కడప బండ కాదు. కాబట్టి బండ వేడి లాగేసిందనడానికీ లేదు. వోల్టేజీ గురించి అడగడం మాత్రం న్యాయమే. 230 వోల్టులకు చేసిన 100 వాట్ల ఐరన్ 190 వోల్టుల దగ్గర 68 వాట్లే ఇస్తుంది. అందుకే స్టెబిలైజర్ పెట్టి, బిట్ 370 డిగ్రీల సెంటీగ్రేడు ఉందని థర్మామీటరుతో చూసుకున్నాకే అతికాం. ఫలితం మారలేదు.

తేడా తీగలోనే ఉంది. 60/40 దాదాపు 190 డిగ్రీలకు పూర్తిగా కరిగి, 183కే గట్టిపడుతుంది. తగరం 40 పాళ్ళే ఉంటే 238 దాకా పూర్తిగా కరగదు, ఆ మధ్యంతా జావలా ఉంటుంది. మీ తీగ చేస్తున్నది సరిగ్గా ఇదే. తూకం కూడా అదే చెబుతోంది. తగరం కంటే సీసం సాంద్రత ఎక్కువ కాబట్టి, సీసం పెరిగేకొద్దీ నీళ్ళలో తగ్గే బరువు తక్కువవుతుంది. 100 గ్రాముల ముక్కను దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీసి తూస్తే 60/40 అయినప్పుడు సుమారు 11.8 గ్రాములు తగ్గాలి. నగల త్రాసు మీద మీది తగ్గింది 10.8. సీసం 60 పాళ్ళుంటేనే ఆ అంకె వస్తుంది. ఈ పరీక్ష మీ గోదాములోనే చేసుకోవచ్చు, తీగ మీద గాలి బుడగలు అంటకుండా చూస్తే చాలు.

"వేడి పెంచండి" అన్న మీ సలహా ప్రమాదకరం. పట్టీ సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. 60/40 కరిగే వేడికీ దానికీ మధ్య 137 డిగ్రీల ఎడం ఉంటే, ఈ తీగతో 89 మాత్రమే. బిట్‌ను ఒక్క క్షణం ఎక్కువ ఆనిస్తే పట్టీ అంచు కారిపోతుంది. నడుమ ఉన్న పట్టీ పాడైతే చుట్టూ ఉన్న అద్దాలన్నీ విప్పాలి. ఇక మీవాళ్ళు చెప్పిన జింక్ క్లోరైడ్ ఫ్లక్స్ ఈ లోపాన్ని సరిచేయదు. పైగా సరిగా కడగకపోతే సీసాన్ని తినేస్తుంది.

ఈ బ్యాచ్ చుట్టలన్నీ వెనక్కి తీసుకుని, అసలైన 60/40 తీగను బ్యాచ్ విశ్లేషణ పత్రంతో సహా పంపండి. ఇదే బ్యాచ్ కొన్న మిగతావాళ్ళకూ తెలియజేయండి. పాడైన పట్టీల ఖర్చు బిల్లు జతచేశాం. వాడని చుట్టలు సీలుతో ఉన్నాయి. మీ మనిషిని పంపితే వాటితోపాటు అతుకుల నమూనాలూ ఇస్తాం. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఇట్లు,
రంగుటద్దాల వర్క్‌షాపు నిర్వాహకులు