స్ప్రింగ్ రైఫిల్ ట్యూనింగ్: ఈ వానకాలం నుంచి మా దుకాణంలో మారుతున్నవి

హన్మకొండ దుకాణానికి రైఫిళ్ళు తెచ్చే షూటర్లందరికీ నమస్కారం.

ముందు డబ్బు సంగతి, గడువు సంగతి చెప్పేస్తాం. సింగిల్ షాట్ స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ (స్ప్రింగు తోసే పిస్టన్ గాలిని నొక్కితే, ఆ గాలి పెల్లెట్ అనే సీసపు గుండును పంపే రకం) పూర్తి ట్యూనింగ్ మజూరీ 2,200 రూపాయల నుంచి 3,000 అవుతుంది. సీళ్ళు (గాలి బయటికి జారకుండా ఆపేవి), స్ప్రింగు అవసరమైతే వాటి ఖరీదు వేరు. ఇన్నాళ్ళూ వారంలో ఇచ్చేవాళ్ళం, ఇకమీదట మూడు వారాలు పడుతుంది. ఎందుకంటే ప్రతి రైఫిల్‌నూ విప్పకముందు ఒకసారి, బిగించాక ఒకసారి బెంచి మీద ఆనించి 10 మీటర్ల దూరానికి కాల్చి, క్రోనోగ్రాఫ్ మీద వేగం కొలిచి, ఆ కాగితాలు రెండూ మీ చేతికిస్తాం. కొత్త పిస్టన్ సీల్, పిస్టన్ కదిలే కంప్రెషన్ ట్యూబులో కుదురుకోవడానికే రెండు మూడు వందల పెల్లెట్లు పడతాయి. అది కుదరకముందు కొలిచిన వేగానికి విలువ లేదు. తొందరపడి ఇస్తే మీకు సగం పని ఇచ్చినట్టే.

రెండోది, పవర్ పెంచమని తెచ్చే రైఫిళ్ళకు గట్టి స్ప్రింగు వేయడం పూర్తిగా మానేస్తున్నాం. దీనిమీద కొందరికి కోపం రావచ్చు, అందుకే కారణం వివరంగా చెప్తున్నాం. కంప్రెషన్ ట్యూబులో పట్టే గాలి ఎంతో అంతే, స్ప్రింగు బలం పెంచితే ఆ గాలి పెరగదు. పిస్టన్ మరింత జోరుగా ముందుకు పోయి, ఎదురుగా నొక్కుకుపోయిన గాలికి తగిలి వెనక్కి ఎగురుతుంది, మళ్ళీ ముందుకు గుద్దుతుంది. వేగం కొద్దిగా పెరిగితే పెరుగుతుంది, దాంతోపాటు కుదుపు మాత్రం బాగా పెరుగుతుంది. స్ప్రింగ్ రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకి, రెండు దిక్కులా తన్నుతుంది. పెల్లెట్ ఇంకా బారెల్ దాటకముందే ఈ కదలిక మొదలవుతుంది. కాబట్టి కుదుపు పెరిగిన కొద్దీ మీ చేతిపట్టులోని చిన్న తేడా కూడా కాగితం మీద పెద్దగా కనపడుతుంది. పైగా స్కోపు లోపలి భాగాలు వదులవుతాయి, స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే కర్ర భాగం) స్క్రూలు ఊడతాయి, సీల్ ముందే అరిగిపోతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 0.177 అంగుళాల బోరు (బారెల్ లోపలి వెడల్పు), అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. రెంటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. లెక్క మీరే కట్టుకోవచ్చు: పెల్లెట్ బరువును గ్రాముల్లో తీసుకుని, సెకనుకు మీటర్లలో ఉన్న వేగంతో రెండుసార్లు గుణించి, 2000తో భాగించండి. 0.547 గ్రాముల పెల్లెట్ 200 మీటర్ల వేగంతో పోతే దాదాపు 11 జౌల్స్. అదే పెల్లెట్ 270 దగ్గరికి చేరితే 20 జౌల్స్ అంచుకు వచ్చినట్టు. ఒలింపిక్స్‌లో వాడే మ్యాచ్ రైఫిళ్ళు 170, 175 మీటర్ల వేగంతోనే పనిచేస్తాయి, అంటే 8 జౌల్స్ అటూఇటూ. అర మిల్లీమీటరు ఉండే పది పాయింట్ల చుక్కను కొట్టడానికి అది సరిపోతోంది. మీ రైఫిల్‌కు లోటు ఉన్నది శక్తిలో కాదు, ప్రతి పెల్లెట్‌కూ ఒకేలా పనిచేయడంలో. మేం ఇకమీదట పెట్టే సమయమంతా దానిమీదే.

మజూరీ కట్టకముందు ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి చెప్తాం. గ్రూపు (వరసగా కాల్చిన పెల్లెట్లు కాగితం మీద చేసే రంధ్రాల గుంపు) చెదిరిందని వచ్చే రైఫిళ్ళలో లోపల చెడిపోయినవాటికంటే బయట వదులైనవే ఎక్కువ.

మొదట ఫోరెండ్‌కు (స్టాక్ ముందు భాగానికి) రెండు వైపులా ఉన్న స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు ముందు వెనక స్క్రూలు చూడండి. సరిగ్గా సరిపోయే బిట్‌తో, చేతి బలంతోనే బిగించండి. కర్ర స్టాక్ మీద అతిగా బిగిస్తే కర్ర నలిగి మళ్ళీ వదులవుతుంది. ఊరికే ఊడిపోతుంటే మరను పెట్రోలుతో తుడిచి, ఆరాక, నీలం రంగు థ్రెడ్‌లాకర్ చిన్న చుక్క వేయండి. ఎర్రది వద్దు, అది వేడి చేస్తే గాని ఊడదు.

బ్రేక్ బారెల్ (బారెల్‌ను కిందికి వంచి కాక్ చేసే, అంటే స్ప్రింగును బిగించే రకం) అయితే, బారెల్ వంగే కీలు దగ్గరి పివట్ బోల్టు పరీక్ష ఒకటుంది. రైఫిల్ ఖాళీగా ఉండగా కాక్ చేసి, కాకింగ్ పూర్తయ్యాక బారెల్‌ను నడిమధ్యలో వదలండి. ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలి. సొంత బరువుకు కిందికి జారితే పివట్ వదులుగా ఉంది, ప్రతిసారీ బారెల్ ఒకే చోట మూసుకోదు. చూశాక పెల్లెట్ వేసి, వెనక గట్టి అడ్డం ఉన్నచోట కాల్చి ఖాళీ చేయండి. పెల్లెట్ లేకుండా మాత్రం కాల్చొద్దు. పెల్లెట్ అడ్డం లేకపోతే గాలి దిండు ఏర్పడక పిస్టన్ నేరుగా ట్యూబు గోడకు కొట్టుకుంటుంది.

బ్రీచ్ (బారెల్ వెనక కొన, పెల్లెట్ పెట్టే చోటు) సీల్ చూడడానికి సన్నని టిష్యూ ముక్కను బ్రీచ్ జాయింట్ మీద ఆనించి కాల్చండి. ముక్క ఎగిరిందంటే గాలి అక్కడే పోతోంది. చిన్న రబ్బరు రింగు మారిస్తే అయిపోయే పని, దీనికి మేం మజూరీ తీసుకోం, రింగు ఖరీదు ఇస్తే చాలు.

స్కోపు విషయంలో రెండు తప్పులు మళ్ళీ మళ్ళీ కనపడతాయి. మామూలు రైఫిల్ స్కోపులు దాదాపు 100 గజాల దూరానికి పారలాక్స్ పెట్టి వస్తాయి. 10 మీటర్ల దగ్గర కన్ను కొంచెం పక్కకు జరిగినా గురి జరిగినట్టే. ఫోకస్ 10 మీటర్ల దాకా దిగే స్కోపే కొనండి, అది స్ప్రింగ్ రైఫిల్ కుదుపును తట్టుకుంటుందని కంపెనీ చెప్పినదై ఉండాలి. రెండోది, 11 మిల్లీమీటర్ల గాడిలో స్టాప్ పిన్ లేని మౌంటు (స్కోపును రైఫిల్‌కు బిగించే పట్టు). కుదుపుకు అది మెల్లగా వెనక్కి జారుతుంది, మీరు రోజూ క్లిక్కులు తిప్పుతూనే ఉంటారు.

ఇక పెల్లెట్లు. తల సైజు 4.49 నుంచి 4.52 మిల్లీమీటర్ల దాకా దొరుకుతాయి, బారెల్ ఏది మెచ్చుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. 0.53 గ్రాముల చదునైన తల మ్యాచ్ పెల్లెట్లు (ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటివి) 10 మీటర్లకు, గుండ్రటి తల ఉన్న 0.547 గ్రాముల జేఎస్‌బీ ఎగ్జాక్ట్ అంతకు మించిన దూరానికి పరీక్షించండి. కొత్త రకం వేసినప్పుడు మొదటి ఇరవై లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత అయిదేసి పెల్లెట్లతో కనీసం నాలుగు గ్రూపులు కాల్చి, చివరి అంచు నుంచి చివరి అంచుకు కొలిచి 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. ఒక్క మంచి గ్రూపు చూసి డబ్బాలకు డబ్బాలు కొనొద్దు. మంచి బ్రేక్ బారెల్ బెంచి మీద 10 మీటర్లకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఇస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. సీసం కాబట్టి కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకైతే ఇంకా గట్టిగా చెప్పండి.

వేగంలో తేడా గురించి కంగారు పడేవాళ్ళకు ఒక లెక్క. ఒక పెల్లెట్ 200 మీటర్ల వేగంతో, మరొకటి 195తో పోతే, 10 మీటర్ల దగ్గర అది ఇంకాస్త కిందికి దిగేది అర మిల్లీమీటరు పైచిలుకే. 25 మీటర్ల దగ్గర అది సుమారు 4 మిల్లీమీటర్లవుతుంది. అందుకే 10 మీటర్లకు గ్రూపు వెడల్పయితే ముందు స్క్రూలు, పట్టు, పెల్లెట్ చూడమంటాం. దూరం కాల్చేవాళ్ళకు మాత్రం మా వేగాల కాగితం పనికొస్తుంది. ట్యూనింగ్ అయ్యాక పది పెల్లెట్ల మధ్య వేగంలో తేడా సెకనుకు 3 మీటర్ల లోపు ఉండేలా చూస్తాం. అంతకు మించితే రైఫిల్ దుకాణం దాటదు.

లోపల మేం చేసేది ఇది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ బిగించి స్ప్రింగు తీస్తాం. దీన్ని ఇంట్లో చేతులతో ప్రయత్నించవద్దు, విప్పేటప్పుడు కూడా స్ప్రింగులో ముఖం పగలగొట్టేంత బలం మిగిలే ఉంటుంది. స్ప్రింగును అద్దం మీద దొర్లించి వంకర చూస్తాం, కొనలు నున్నగా చేస్తాం. కాల్చాక టంగ్ అని మోగే రైఫిళ్ళలో స్ప్రింగు గైడ్ వదులుగా ఉంటుంది, బిగువుగా కూర్చునే డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) గైడ్ తిప్పించి వేస్తే ఆ మోత పోతుంది. పిస్టన్ ఒరుసుకునే చోట, కాకింగ్ గాడిలో మాలిబ్డినం పేస్టు పలుచగా పూస్తాం. సీల్ ముందు భాగంలో పెట్రోలియం నూనె, గ్రీజు ఏదీ పెట్టం.

ఎందుకంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి అక్కడున్న నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజను పనిచేసేది ఇలాగే. పెద్ద చప్పుడు, పొగ, పెల్లెట్ వేగంగా పోయిందన్న సంబరం, తర్వాత కాలిపోయిన సీల్, విరిగిన స్ప్రింగు. ట్రాన్స్‌ఫర్ పోర్టులో (గాలి పెల్లెట్ దగ్గరికి వెళ్ళే సన్నని రంధ్రంలో) కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె పోసి తెచ్చిన రైఫిళ్ళకు పూర్తిగా కడిగే పని ఉంటుంది, దానికి 400 రూపాయలు అదనం.

ట్రిగ్గర్ బరువు తగ్గించమని అడుగుతారు. రెండు అంచెల ట్రిగ్గర్ అయితే మొదటి అంచె పొడవు, రెండో అంచె బరువు స్క్రూతో సరిచేస్తాం, ఆనే చోట్లు శుభ్రం చేసి పేస్టు రాస్తాం. సియర్ (కాక్ చేసిన పిస్టన్‌ను పట్టి ఆపే కొక్కెం) అంచును రాయి మీద అరగదీయం. బ్రేక్ బారెల్‌లో పెల్లెట్ పెట్టేటప్పుడు మీ వేలు బ్రీచ్ దగ్గరే ఉంటుంది. ఆ క్షణంలో సియర్ జారితే బారెల్ విసురుగా మూసుకుని వేలు పోతుంది. పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చేత్తో బారెల్ గట్టిగా పట్టుకోవడం అందుకే అలవాటు చేసుకోవాలి.

వరంగల్ ఎండలకూ, వానలకూ తగ్గట్టు రెండు మాటలు. మే నెల ఎండలో కారు డిక్కీలో పెట్టిన రైఫిల్‌లో గ్రీజు పలచబడి సీల్ ముందుకు పాకుతుంది, సాయంత్రం కాలిస్తే పొగ వస్తుంది. వానకాలంలో చెమట చేతులు తగిలిన ఉక్కును అదే పూట పలుచటి నూనె గుడ్డతో తుడవాలి. ఫోం ఉన్న కవర్లో మూసిపెడితే తేమ లోపలే ఉండి తుప్పు లేస్తుంది. బారెల్‌ను గ్రూపు చెదిరితేనే శుభ్రం చేయండి, అదీ బ్రీచ్ వైపు నుంచి దారంతో గుడ్డ లాగి. మూతి వైపు నుంచి ఇనుప కడ్డీ దోపితే క్రౌన్ (బారెల్ మూతి అంచు) దెబ్బతింటుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా గురి కుదరదు.

పీసీపీ (ముందే సిలిండర్‌లో గాలి నింపి కాల్చే) మ్యాచ్ రైఫిళ్ళ వాళ్ళకు: సిలిండర్ మీద తయారీ తేదీ చూసుకోండి. పదేళ్ళు దాటిన సిలిండర్‌లో 200 బార్ గాలి నింపం, పోటీల్లో కూడా దాన్ని ఒప్పుకోరు. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజే వాడాలి. అంత పీడనంలో పెట్రోలియం నూనె పేలుడు ప్రమాదం.

మక్క చేన్లు, పత్తి చేన్లు ఉన్న రైతులు కోతుల కోసమో అడవిపందుల కోసమో రైఫిల్ అడుగుతున్నారు. పంట పోతే ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా ఆ పనికి మేం అమ్మం, ట్యూన్ చేయం. 20 జౌల్స్ పెల్లెట్ ఆ జంతువులను అక్కడికక్కడ చంపదు, తోలు కింద ఇరుక్కుని పుండవుతుంది, ఆ జంతువు రోజుల తరబడి తీసుకుని చస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం, 1960 జంతుహింస నిరోధక చట్టం రెండూ మీ మీదికి రావచ్చు. అడవిపంది బెడదకు అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోండి.

రైఫిల్ తెచ్చేటప్పుడు కాక్ చేయకుండా, ఖాళీగా, కవర్లో పెట్టి తెండి. మీరు వాడే పెల్లెట్ల డబ్బా, స్కోపు, గుర్తింపు కార్డు నకలు వెంట ఉండాలి. కరీంనగర్, జనగామ, ములుగు నుంచి వచ్చేవాళ్ళు ముందు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి, వారానికి ఆరు రైఫిళ్ళే తీసుకుంటాం. పార్శిల్‌లో పంపితే తీసుకోం. ట్యూనింగ్ అయ్యాక 500 పెల్లెట్లు కాల్చి ఒకసారి తీసుకురండి, స్క్రూలు, బ్రీచ్ సీల్ ఉచితంగా చూసి, వేగం మళ్ళీ కొలిచి పాత కాగితం మీదే రాసిస్తాం.