మా తోట బంగ్లాని బాగుచేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం. మందస దగ్గర మా ఊరి చివర జమీందారీ కాలం నాటి తోట ఒకటుంది, పెంకుల బంగ్లా, నుయ్యి, చుట్టూ మామిడి, పనస, ఉసిరి చెట్లు, కార్తీకమాసం వస్తే పక్క ఊళ్ళోళ్ళు కూడా వనభోజనాలకి అక్కడికే వచ్చేవారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి సగం చెట్లు కూలిపోయాయి. ఉద్దానం అంతా అదే కథ లెండి, కాకపోతే కొబ్బరి, జీడి మళ్ళీ వేసుకున్నాం గానీ ఈ తోట సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు వరండాలో మేకలు, నూతిలో మందు సీసాలు, గోడ పగుల్లో రావి మొక్క మనిషెత్తు పెరిగిపోయింది. జనమేమో ఆటోలు కట్టించుకుని బారువ బీచ్‌కి పోతున్నారు, ముసలోళ్ళు ఇంటి దగ్గరే ఉండిపోతున్నారు.

పంచాయతీ వాళ్ళు ముందు ఆ రావి మొక్కని వేళ్ళతో సహా పీకించాలి, లేదంటే ఈ వానలకే గోడ పడిపోద్ది. నూతిలో పూడిక తీయించి, ఉపాధి పనుల్లో గోతులు తవ్వించి మొక్కలు వేయిస్తే చాలు, డ్వాక్రా మీటింగులు, పిల్లల ఆటలు అన్నీ అక్కడే పెట్టుకోవచ్చు. పెంకులు తీసేసి స్లాబు వేద్దామనేవాళ్ళు కూడా ఉన్నారు, అది మాత్రం వద్దండీ, ఎండాకాలం ఆ నీడ స్లాబు కింద రాదు. రిసార్టు, ఎంట్రీ టికెట్టు అసలే వద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మందస మండలం, శ్రీకాకుళం జిల్లా