మీరు వేసిన తాళం మీరే తీయాలి

కస్టమర్ సేవా విభాగం బాధ్యులకు,

విషయం: మీ బ్యాకప్ ప్రోగ్రాం అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా డిలీట్ కాని ఫోల్డర్, దాని విషయంలో మీ సపోర్ట్ వాళ్లు ఇచ్చిన సలహాలపై ఫిర్యాదు.

అయ్యా,

మీ బ్యాకప్ ప్రోగ్రాంని మా ఇంటి కంప్యూటర్‌లో మూడేళ్లు వాడాను. ఆ మూడేళ్లలో దాని మీద చెప్పుకోదగ్గ కంప్లైంట్ ఏమీ లేదు. మా అబ్బాయి పొరపాటున చెరిపేసిన ప్రాజెక్టు ఫైళ్లు ఒకసారి దాని పుణ్యమా అనే తిరిగొచ్చాయి. గొడవంతా దాన్ని వదిలించుకోబోయినప్పుడే మొదలైంది.

సబ్‌స్క్రిప్షన్ గడువు అయిపోయింది. ఇకమీదట ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి నేనే కాపీ చేసుకుందామనుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ ప్రోగ్రాంని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. మధ్యలో పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. ‘విజయవంతంగా తొలగించబడింది’ అంది. రీస్టార్ట్ చేయమంది, చేశాను. తీరా చూస్తే డి డ్రైవ్‌లో మీ బ్యాకప్ ఫోల్డర్ ఎక్కడిదక్కడే ఉంది. సైజు 187 జీబీ. డ్రైవ్‌లో మిగిలిన ఖాళీ 9 జీబీ.

డిలీట్ నొక్కితే, ఈ ఫోల్డర్‌లో మార్పులు చేయాలంటే ‘ఎవ్రీవన్’ అనుమతి కావాలని మెసేజ్ వచ్చింది. అంటే అందరి అనుమతీ కావాలన్నమాట. ఇంట్లో ఉన్నది నలుగురం, నలుగురికీ అభ్యంతరం లేదు.

అప్పుడు మీ సపోర్ట్‌కి మెయిల్ పెట్టాను. అక్కడి నుంచి పదకొండు రోజుల్లో నాలుగు జవాబులు వచ్చాయి. నాలుగూ నలుగురు రాసినవి. ముందు మనిషి ఏం చెప్పాడో తర్వాతి మనిషి చదివిన ఆనవాలు ఒక్కదాంట్లోనూ లేదు.

మొదటి జవాబు: ‘కంప్యూటర్ షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయండి.’ రీస్టార్ట్ చేశానని నా మొదటి మెయిల్‌లోనే రాశాను. పైగా ఈ సలహాలోనే ఒక పొరపాటు ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు మన ప్రోగ్రాంలు మూతపడతాయి గానీ విండోస్ లోపలి భాగం, అంటే కెర్నెల్, దానితో కలిసి లోపలే నడిచే డ్రైవర్లు అనే చిన్న ప్రోగ్రాంలు ఉన్న స్థితి డిస్క్‌లో భద్రమై, ఆన్ చేయగానే అలాగే తిరిగొస్తుంది. అన్నీ మొదటి నుంచి లోడ్ కావాలంటే రీస్టార్ట్ కొట్టాలి. నేను చేసింది ఆ పనే. మీరు దానికన్నా తక్కువ పని చేసే మార్గం చెప్పారు.

రెండో జవాబు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే. ఫోల్డర్ యాజమాన్యం నా పేరుకి మార్చుకోవడానికి టేక్‌ఓన్ కమాండ్, ఆ తర్వాత పూర్తి హక్కులు ఇచ్చుకోవడానికి ఐక్యాకల్స్ కమాండ్ పంపారు. రెండూ సరైన కమాండ్లే. కానీ మీరు రాసిచ్చిన వరుసలో ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఉత్త డ్రైవ్ అక్షరం మాత్రమే ఉంది, పక్కన లోపలున్నవన్నిటికీ వర్తింపజేయమనే స్విచ్, అంటే కమాండ్‌కి తగిలించే అదనపు సూచన, ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి ఎంటర్ కొడితే డ్రైవ్ మొత్తం హక్కులు తిరగరాసుకుపోతాయి. నాది డి డ్రైవ్ కాబట్టి ఏదోలా సర్దుకునేవాణ్ణేమో. మీ ఫోల్డర్ సి డ్రైవ్‌లో పెట్టుకున్నవాళ్ల సంగతేంటి? విండోస్ సొంత ఫైళ్లు ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే ఖాతా చేతిలో ఉండేది వాటిని ఎవరూ కదపకూడదనే. వాటి హక్కుల్ని ఇలా గంపగుత్తగా మార్చేస్తే తర్వాత అప్‌డేట్లు ఎక్కడ ఎందుకు ఆగుతున్నాయో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు. ఆ కమాండ్ చూసి నాకు అనుమానం వచ్చి ఆగాను. మా నాన్నగారైతే ఆగేవారు కాదు. కంపెనీ వాళ్లు రాశారు కదా అని ఎంటర్ కొట్టేసేవారు.

డ్రైవ్ అక్షరం తర్వాత మీ ఫోల్డర్ పేరు నేనే చేర్చుకున్నాను. ఆ పేరు మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, లేకపోతే కమాండ్ దాన్ని రెండు ముక్కలుగా చదివి ఎర్రర్ ఇస్తుంది. ఆ సంగతీ మీరు చెప్పలేదు. సరిచేసి నడిపితే తెర మీద సక్సెస్, సక్సెస్ అంటూ వేల వరుసలు పరిగెత్తాయి. హమ్మయ్య అనుకుని డిలీట్ కొట్టాను. ఈసారి అనుమతి తెచ్చుకోమన్నది నా దగ్గర నుంచే! యజమాని ఇప్పుడు నేనే కదా, మెసేజ్‌లో నా పేరే వేసి, నా అనుమతి లేకుండా కుదరదంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

హక్కుల సమస్య కాదని అప్పుడు అర్థమైంది. రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ అనే చోట మీ ఫోల్డర్ పేరు వెతికాను. ఏ ప్రోగ్రాం దాన్ని పట్టుకుని కూర్చుందో అక్కడ తెలుస్తుంది. కనిపించింది ‘సిస్టమ్’, ప్రాసెస్ నంబరు 4. దాన్ని టాస్క్ మేనేజర్‌లో ఆపడం కుదరని పని, విండోస్ కెర్నెల్ నడిచేదే ఆ పేరు కింద. అంటే పట్టుకున్నది మామూలు ప్రోగ్రాం కాదు, డ్రైవర్. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎఫ్‌ఎల్‌టీఎంసీ అని కొడితే, ఫైళ్ల మీద కాపలా కాసే ఫిల్టర్ డ్రైవర్ల జాబితా వస్తుంది. విండోస్ సొంతవాటి మధ్యలో మీ కంపెనీ పేరుతో మొదలయ్యే డ్రైవర్ దర్జాగా నడుస్తోంది. ‘విజయవంతంగా తొలగించబడిన’ ప్రోగ్రాం తాలూకు డ్రైవర్!

ఇది చదువుతున్నవారు టెక్నికల్ విభాగం వారు కాకపోవచ్చు కాబట్టి ఒక మాట. ఇలాంటి ఫిల్టర్ డ్రైవర్, డిస్క్ మీద ఫైళ్లు నిర్వహించే వ్యవస్థ కన్నా ముందు నిలబడుతుంది. డిలీట్ చేయమని నేను చెప్పిన మాట మొదట దాని చెవిన పడుతుంది. అది వద్దంటే అంతే, యజమాని ఎవరు, హక్కులు ఏమిటి అన్న లెక్కలు ఇక పనిచేయవు. గుమ్మంలో కాపలావాడు నిలబడి ఉండగా ఇంటి పట్టా ఎవరి పేరున ఉందని వాదించి ప్రయోజనం లేదు. మీ రెండో జవాబు నాకు పట్టా మార్పించింది. కాపలావాణ్ణి పెట్టింది మీరేనన్న సంగతి మాత్రం చెప్పలేదు.

అలాంటి కాపలా ఎందుకు పెట్టారో నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టను. ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దూరితే ముందు బ్యాకప్‌లనే వెతికి చెరిపేస్తుంది. అందుకని బ్యాకప్ ఫోల్డర్‌ని ఎవరూ ముట్టుకోకుండా కాపాడాలి, నిజమే. కానీ పాస్‌వర్డ్ ఇచ్చి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, అవునని నిర్ధారించింది నేను. నేను దొంగను కానని అప్పటికే రుజువైంది. కాపలా ఆ క్షణంలోనే దిగిపోవాలి. నడుస్తూ ఉండటం వల్ల వెంటనే తీయలేని ఫైలేదైనా ఉంటే, తర్వాతి రీస్టార్ట్‌లో తీసేయమని విండోస్‌కి రాసిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఇన్‌స్టాలర్లు రాసేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

ఈ వివరాలన్నీ స్క్రీన్‌షాట్లతో సహా పంపితే వచ్చిన మూడో జవాబు: ‘డి డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి, సమస్య పరిష్కారమవుతుంది.’ పరిష్కారమవుతుంది, ఒప్పుకుంటాను. ఆ డ్రైవ్‌లో పదిహేనేళ్ల ఫొటోలున్నాయి, మా ఆవిడ ఉద్యోగం కాగితాలున్నాయి. బ్యాకప్ కంపెనీ నోట రావాల్సిన మాటేనా ఇది?

నాలుగో జవాబు మర్యాదగానే ఉంది. ప్రోగ్రాంని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, అందులోంచి ఫోల్డర్ రక్షణ తీసేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయమన్నారు. సరేనని ఇన్‌స్టాల్ చేస్తే, సబ్‌స్క్రిప్షన్ గడువు తీరింది కాబట్టి రక్షణ సెట్టింగ్ మార్చడానికి వీల్లేదు, రెన్యూ చేసుకోండి అంది. వద్దనుకున్న ప్రోగ్రాంని వదిలించుకోవడానికి దాన్నే మళ్లీ కొనాలి. ఇది పొరపాటున జరిగిందో, ఆలోచించి పెట్టిందో మీరే చెప్పాలి.

చివరికి ఆ ఫోల్డర్‌ని ఒక శనివారం రాత్రి నేనే తీసేసుకున్నాను. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్‌లో స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి, సేఫ్ మోడ్‌కి 4 నొక్కాను. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన డ్రైవర్లనే లోడ్ చేసుకుంటుంది. జాబితా మళ్లీ చూస్తే మీ డ్రైవర్ లేదు. ఫోల్డర్ డిలీట్ కావడం మొదలైంది. (డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ పెట్టుకున్న కంప్యూటర్ అయితే ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మీ సపోర్ట్ వాళ్లు ఎప్పుడైనా ఈ సలహా ఇస్తే, కీ దగ్గర పెట్టుకోమని ముందే చెప్పండి.)

అక్కడా మీరు ఇంకో ముడి వేసి పెట్టారు. ప్రతి బ్యాకప్‌కీ తేదీ, సమయం పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల అసలు ఫైలు ఉన్న దారి మొత్తం మళ్లీ ఫోల్డర్లుగా. దాంతో కొన్ని దారులు విండోస్ మామూలుగా ఒప్పుకునే 260 అక్షరాల హద్దు దాటిపోయాయి. పేరు మరీ పొడుగుందంటూ డిలీట్ మధ్యలో ఆగిపోయింది. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌లో, గమ్యాన్ని మూలంలాగే మార్చేసే మిర్రర్ స్విచ్‌తో దాన్ని మీ ఫోల్డర్ మీదకి కాపీ చేయించాను. మూలం ఖాళీ కాబట్టి గమ్యంలోనూ ఏమీ మిగల్చదు. మూలం, గమ్యం తారుమారుగా రాయలేదు కదా అని ఎంటర్ కొట్టేముందు నాలుగుసార్లు చదువుకున్నాను. ఒంటిగంట దాటాక 187 జీబీ ఖాళీ అయింది.

కానీ మీ డ్రైవర్ ఇంకా ఉంది. మామూలుగా ఆన్ చేసిన ప్రతిసారీ లోడ్ అవుతోంది, లేని ఫోల్డర్‌కి కాపలా కాస్తోంది. దాన్ని చేత్తో పీకేసే కమాండ్ నాకు తెలుసు, కానీ చేయను. అది బూట్‌లో ఎక్కడెక్కడ ముడిపడి ఉందో మీకు తెలుస్తుంది గానీ నాకు తెలియదు. పొరపాటు జరిగితే కంప్యూటర్ లేవకుండా పోయేది మా ఇంట్లో.

కాబట్టి నేను అడిగేది ఇది. మీ డ్రైవర్‌ని, సర్వీసుల్ని, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మిగిలినవాటిని శుభ్రంగా తీసేసే విడి టూల్ ఒకటి ఇవ్వండి. యాంటీవైరస్ కంపెనీలు చాలావరకు అలాంటివి ఎప్పటి నుంచో ఇస్తున్నాయి. దానికి సబ్‌స్క్రిప్షన్ అడగవద్దు. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత బ్యాకప్‌లు ఉంచాలా తీసేయాలా అని అడగండి. ఉంచమంటే రక్షణ తీసేసి ఉంచండి. డ్రైవర్ మిగిలి ఉండగా ‘విజయవంతంగా’ అని చూపించవద్దు. ఇక డ్రైవ్ మొత్తానికి హక్కులు మార్చే ఆ కమాండ్‌ని మీ సపోర్ట్ వాళ్ల రెడీమేడ్ జవాబుల్లోంచి ఈరోజే తీసేయండి. మిగతావాటికి టైమ్ పట్టినా పర్వాలేదు, దానికి మాత్రం ఆలస్యం పనికిరాదు. ఇప్పటికే అది ఎవరెవరికి పంపారో వాళ్లకి హెచ్చరిక మెయిల్ పెట్టడం మీ బాధ్యత.

రెండు వారాల్లోగా, ఈ ఉత్తరం మొత్తం చదివిన ఒక్క మనిషి నుంచి జవాబు కావాలి. నా టికెట్ వివరాలు మీ దగ్గర ఉన్నాయి. నాలుగు జవాబుల కాపీలు, రిసోర్స్ మానిటర్ స్క్రీన్‌షాట్, నిన్న రాత్రి తీసిన ఫిల్టర్ డ్రైవర్ల జాబితా దీనితో జత చేస్తున్నాను. జాబితాలో పై నుంచి మూడో వరుస మీది.

ఇట్లు,
మీ పాత కస్టమర్