నాయనమ్మ మగత గురించి

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మాయికి నాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆదివారం వీడియో కాల్‌లో నిన్ను పేరు పెట్టి పిలిచి ఉద్యోగం సంగతులు అడిగిన నాయనమ్మ, మర్నాడు పలకకుండా శూన్యంలోకి చూస్తూ ఉండిపోయిందని, నీ మీద కోపం వచ్చిందేమోనని రాశావు. కోపమేమీ లేదమ్మా. మీ మేనత్త అయితే వినపడనట్టు నటిస్తోందని ఇప్పటికీ అంటోంది; మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష కాగితం ఆవిడకు చూపించాలి.

నాయనమ్మది లూయీ బాడీ డిమెన్షియా, అంటే మెదడు కణాల్లో లూయీ బాడీలనే ప్రోటీన్ ముద్దలు పేరుకుని మతి క్షీణించే జబ్బు. ఇందులో చాలామందికి మతిమరుపు కన్నా ముందు మెలకువే గంటకో తీరుగా మారుతూ కనబడుతుంది. మనిషి మెదడు తరంగాలను జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. ఆరోగ్యవంతులు మెలకువగా ఉండి కళ్లు మూసుకున్నప్పుడు తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయి, కళ్లు తెరవగానే అణిగిపోతాయి. నాయనమ్మకు ఆ లయ 8 కంటే దిగువకు జారింది. అక్కడైనా నిలకడగా ఉండక, కాసేపు పుంజుకుని కాసేపు మరింత నెమ్మదిస్తోంది. మనకు కునుకు పట్టే వేళ వచ్చే తీటా తరంగాలు ఆమెకు కుర్చీలో కూర్చుని ఉండగానే వస్తున్నాయి. ఈఈజీ ఒక్కదానితో జబ్బును తేల్చరు గానీ, 2017లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణాలు ఈ హెచ్చుతగ్గుల నెమ్మది లయను లూయీ బాడీ జబ్బుకు బలమిచ్చే గుర్తుగా చేర్చాయి.

మెదడును మేలుకొలిపి ఉంచే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గిపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. ఉన్న కాస్తా త్వరగా కరిగిపోకుండా చూసే రివాస్టిగ్మిన్ మందు పట్టీ ఒంటికి అంటిస్తున్నది అందుకే. రాత్రిళ్లు ఆమెకు నిద్ర పట్టడం లేదని నువ్వు అమెరికా నుంచి పంపుతానన్న మాత్రలు మాత్రం వద్దు. అక్కడ చీటీ లేకుండా అమ్మే నిద్రమాత్రలు చాలావాటిలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ ఆ అసిటైల్‌కోలిన్ పనికే అడ్డుపడుతుంది. ఉన్నట్టుండి మగత మరీ ఎక్కువైతే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, మలబద్ధకమో ఉందేమోనని ముందు చూడమని డాక్టరుగారు అన్నారు. అది నేను చూసుకుంటున్నాను.

ఉదయం టిఫిన్ తిన్నాక, పది గంటల ప్రాంతంలో, ఎక్కువ రోజులు తేటగా ఉంటోంది. నీకు అప్పటికి ముందు రోజు రాత్రి కనుక వీలుంటే అప్పుడే ఫోన్ చెయ్యి. “నేనెవరో చెప్పు” అని అడగవద్దు; నీ పేరు నువ్వే చెప్పి, ఆవకాయలో కారం, ఆవపిండి, ఉప్పు పాళ్లు అడుగు. మొన్న మీ అమ్మకు గిద్దలతో సహా చెప్పింది. జవాబు రాకపోతే ఓ నిమిషం ఆగు, అప్పటికీ పలకకపోతే ఫోన్ నాకిమ్మను.

ఇట్లు,
మీ నాన్న