కన్సోల్‌లో డిస్కుకు చోటు ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పదో తరగతి, ఇంటర్ పరీక్షలు అయిపోగానే పిల్లలకు వీడియో గేమ్ కన్సోల్ (టీవీకి తగిలించి ఆటలాడుకునే యంత్రం) కొనిపెడదామని చాలామంది తల్లిదండ్రులు బెంజి సర్కిల్, గవర్నర్‌పేట వైపు షోరూములకు వెళుతుంటారు. అక్కడ సోనీ ప్లేస్టేషన్ 5 పెట్టెలు రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకదానిలో డిస్కు పెట్టుకునే డ్రైవ్ ఉంటుంది, రెండోదానిలో ఉండదు. 2021 ఫిబ్రవరి 2న మన దేశంలో అమ్మకాలు మొదలైనప్పుడు డ్రైవ్ ఉన్నదాని ధర 49,990 రూపాయలు, లేనిదాని ధర 39,990 రూపాయలు. తర్వాత ధరలు మారాయి గానీ, చవకగా వచ్చేది డ్రైవ్ లేని పెట్టే అన్న సంగతి మారలేదు. డ్రైవ్ లేదని పెట్టె మీద రాసే ఉంటుంది. అది లేనందువల్ల ఆ ఇంటికి రాబోయే ఏళ్లలో ఎంత నష్టమో మాత్రం ఎక్కడా రాసి ఉండదు, అమ్మేవారూ చెప్పరు. ఈ ఉత్తరం ఆ నష్టం గురించే.

1990లలో సత్యనారాయణపురంలోని మా పుట్టింట్లో టీవీకి తగిలించుకునే గేమ్ పెట్టె ఉండేది. దానికి పసుపు రంగు క్యాసెట్లు వేసవి సెలవుల్లో అద్దెకు తెచ్చుకుని, అన్నయ్యా నేనూ వంతులు వేసుకుని ఆడేవాళ్లం. తర్వాత ప్లేస్టేషన్ 2 వచ్చింది, పెళ్లయ్యాక ప్లేస్టేషన్ 4 (పీఎస్4) కొనుక్కున్నాం, ఇప్పుడు ఇద్దరు పిల్లలతో కలిసి పీఎస్5 మీద ఆడుతున్నాను. ఈ ఆటల మీద, వాటిని తయారుచేసే వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అందుకే సోనీ కంపెనీ నడుస్తున్న దారి చూస్తే బాధ కలుగుతోంది.

మా ఇంట్లో కొన్న డిస్కు ఏదీ మా ఇంట్లోనే ఉండిపోదు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అన్నయ్య పిల్లలు ఆడేసిన డిస్కు పండక్కి మా ఇంటికి వస్తుంది, మా పిల్లలు పూర్తి చేసింది అటు వెళుతుంది. ఏది ఎవరిదో కలిసిపోకుండా పెట్టె లోపలి వైపు పిల్లలు బాల్‌పెన్నుతో పొడి అక్షరాలు వేసుకున్నారు. చేతులు మారిన కొద్దీ ఆ అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరాయి. వాటిలో ఒక పీఎస్4 డిస్కును వెలుతురుకు పట్టి చూస్తే వెనకవైపు సన్నని గీతలు గుండ్రంగా కనిపిస్తాయి, అయినా అది ఈనాటికీ పీఎస్5లో చక్కగా నడుస్తోంది. పాత పీఎస్4 డిస్కులు కొత్త యంత్రంలోనూ ఆడేలా ఉంచడం సోనీ తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. అయితే డ్రైవ్ లేని పెట్టె కొన్నవారికి, డ్రైవ్‌ను విడిగా కొని తగిలించుకుంటే తప్ప, ఆ మేలు అందదు. లేదంటే ఇంట్లో డిస్కులు బీరువా నిండా ఉన్నా అవే ఆటలను మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవలసిందే.

మన ఊళ్లో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులే లేకపోతే ఇంటర్, ఎంసెట్ పుస్తకాలు సమకూర్చుకోలేని ఇళ్లు ఎన్నో ఉండేవి. చదివేసిన పుస్తకాన్ని అమ్ముకోవడానికి ప్రచురణకర్త అనుమతి ఎవరూ అడగరు. డిస్కు మీద వచ్చిన ఆట విషయంలోనూ ఇంతకాలం అదే పద్ధతి నడిచింది. ఒక పెద్ద గేము ధర 4,999 రూపాయల దగ్గర ఉన్నప్పుడు, ఆడాక దాన్ని సగం ధరకో మూడో వంతుకో అమ్మి మరొకటి తెచ్చుకునే వీలు మధ్యతరగతి ఇంటికి చిన్న విషయం కాదు. చేతిలో డిస్కు ఉండబట్టే మన ఇళ్లలో ఈ ఆటలు ఇన్నేళ్లు సాగాయి.

ఈ సంగతి సోనీకి తెలియనిది కాదు. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ రోజుకొకసారి ఇంటర్నెట్‌కు తగులుకోవాలనీ, పాత డిస్కుల మార్పిడికి ఆంక్షలుంటాయనీ చెప్పినప్పుడు, పీఎస్4లో ఆటను స్నేహితుడికి ఇవ్వడం ఎలాగో చూపిస్తూ సోనీ అర నిమిషం కూడా లేని వీడియో విడుదల చేసింది. అందులో ఒకాయన డిస్కు పెట్టెను పక్కనున్న వ్యక్తి చేతికి అందిస్తాడు, అంతే. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మైక్రోసాఫ్ట్ అదే నెల 19న ఆ ఆంక్షలను వెనక్కి తీసుకుంది. తర్వాత పీఎస్4 మన దేశానికి వచ్చినప్పుడు నాలాంటి వాళ్లు దాన్ని ఎంచుకోవడానికి ఆ మాట కూడా ఒక కారణం.

ఆ మాట ఇచ్చిన సంస్థే 2019 ఏప్రిల్ నుంచి పూర్తి గేముల డౌన్‌లోడ్ కోడ్‌లను (ఆటను ఇంటర్నెట్ నుంచి దింపుకోవడానికి వాడే సంకేతాలను) బయటి దుకాణాలు అమ్మే పద్ధతిని ఆపేసింది. 2020లో డ్రైవ్ లేని పీఎస్5ను తెచ్చింది. 2023 నవంబరులో వచ్చిన పలుచని నమూనాలో డ్రైవ్‌ను విడిగా తగిలించుకునే భాగంగా మార్చింది. ఆ భాగాన్ని మొదటిసారి తగిలించినప్పుడు అది పనిచేయాలంటే ఇంటర్నెట్ ద్వారా సంస్థ సర్వర్‌తో జత కుదుర్చుకోవాలి. 2024 నవంబరులో అమెరికాలో 699.99 డాలర్లకు విడుదల చేసిన పీఎస్5 ప్రోలో, అంటే అన్నిటికన్నా ఖరీదైన యంత్రంలో, డ్రైవ్ అసలు పెట్టనే లేదు. కావాలంటే అప్పట్లో మరో 79.99 డాలర్లు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. ఒక్కొక్క నిర్ణయాన్నీ విడిగా చూస్తే వ్యాపారపు లెక్క అనిపిస్తుంది, వరుసగా పేర్చి చూస్తే డిస్కును మెల్లగా ఇంట్లోంచి సాగనంపుతున్నారని అర్థమవుతుంది.

సంస్థ వైపు వాదన కూడా చెప్పుకోవాలి. సోనీ ప్రకటించే లెక్కల్లోనే ఇటీవలి ఏళ్లలో పూర్తి గేముల అమ్మకాల్లో మూడింట రెండు వంతులకు పైగా డౌన్‌లోడ్లే ఉన్నాయి. డిస్కు తయారీకి, రవాణాకు, డ్రైవ్‌కు ఖర్చవుతుంది. డిస్కు మీద వచ్చే గేముల్లోనూ కొన్ని పెద్ద పెద్ద అప్‌డేట్లు దింపుకుంటే తప్ప సరిగా నడవవు. ఇవన్నీ నిజమే. అయితే ఆ లెక్క ప్రపంచం మొత్తానిది. పాత డిస్కులు పేర్చిన షాపు అద్దం ముందు నిలబడి, జేబులో ఉన్న డబ్బుకు ఏది వస్తుందా అని చూసే పిల్లవాడు అందులో కనబడడు. పైగా డ్రైవ్ లేని యంత్రంలో ఆట కొనాలంటే సోనీ సొంత ఆన్‌లైన్ దుకాణమైన ప్లేస్టేషన్ స్టోర్ ఒక్కటే ఉంటుంది, ధర నిర్ణయించేదీ ఆ దుకాణమే. బీసెంట్ రోడ్డులో ఒక షాపులో ఎక్కువ చెబితే పక్క షాపుకు వెళ్లగలిగే మనం అక్కడ బేరమాడలేం, మరో చోటికి వెళ్లలేం.

ఆ దుకాణంలో మన డబ్బుకు దక్కేది ఆటను వాడుకునే లైసెన్సు మాత్రమే. దాన్ని మరొకరికి ఇవ్వలేం, అమ్మలేం. ప్లేస్టేషన్ స్టోర్ నియమం ప్రకారం కొన్న 14 రోజుల్లోగా డబ్బు వాపసు అడగవచ్చు గానీ, డౌన్‌లోడ్ మొదలైతే, గేములోనే లోపం ఉంటే తప్ప, ఆ అవకాశం పోతుంది. తల్లి ఫోన్లో డబ్బు కట్టేలోపే పిల్లవాడి వేలు డౌన్‌లోడ్ బటన్ మీద ఉంటుంది! కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి ఇస్తారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదో నాకు అర్థం కాదు.

కొన్నది ఎంతకాలం నిలుస్తుందన్నది ఇంకో ప్రశ్న. 2021 మార్చిలో సోనీ తన పాత కన్సోల్ పీఎస్3, చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ, వీటాల ఆన్‌లైన్ స్టోర్లను మూసేస్తామంది. ఆటగాళ్లు గట్టిగా అడిగాక, తీసుకున్న నిర్ణయం సరైనది కాదని ఒప్పుకుని పీఎస్3, వీటా స్టోర్లను కొనసాగించింది. 2023 చివర్లో సోనీ డిస్కవరీ సంస్థ టీవీ కార్యక్రమాలను డబ్బిచ్చి కొన్నవారి ఖాతాల నుంచి తొలగిస్తామని నోటీసు ఇచ్చి, విమర్శలు వచ్చాక లైసెన్సు ఒప్పందాన్ని పొడిగించుకుని విరమించుకుంది. 2024 ఆగస్టు 23న విడుదలైన తన ఆన్‌లైన్ ఆట ‘కాంకర్డ్’ను రెండు వారాలకే, సెప్టెంబరు 6న, ఆపేసినప్పుడు కొన్నవారికి పూర్తి డబ్బు తిరిగి ఇచ్చింది. ఆ పని మెచ్చుకోదగినది. మంచి నిర్ణయం తీసుకోవడం ఆ సంస్థకు చేతకాదని నేను అనడం లేదు. అడిగేవాళ్లు ఉన్నప్పుడే తీసుకుంటోందన్నది నా అభిప్రాయం. మరో కన్సోల్ సంస్థ నింటెండో అయితే తన పాత యంత్రాలు 3డీఎస్, వీ యూల స్టోర్లలో కొనుగోళ్లను 2023 మార్చి 27న నిలిపివేసింది. 2025 జూన్‌లో వచ్చిన ఆ సంస్థ కన్సోల్ స్విచ్ 2కు దొరికే కొన్ని గేమ్ కార్డుల్లో ఆట ఉండదు, ఆటను దింపుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆ కార్డును ఇంకొకరికి ఇవ్వగలగడం ఒక్కటే దానిలో ఊరట.

కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ దుకాణాలు తాము అమ్ముతున్నది లైసెన్సు మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా తెలియజేయాలి. ఆన్‌లైన్ ఆటలను కంపెనీలు మూసేసినా కొన్నవారు ఆడుకునే మార్గం ఉంచాలని యూరప్‌లో పది లక్షలకు పైగా పౌరులు సంతకాలు చేశారు. మన పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పుల పాలైన కుటుంబాలను చూసినవాళ్లెవరైనా దాన్ని స్వాగతిస్తారు, నేనూ స్వాగతిస్తున్నాను. కానీ నిజాయితీగా డబ్బిచ్చి మామూలు ఆట కొనుక్కునే కుటుంబం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు, సేవల నాణ్యత, ప్రమాణం, ధరల సమాచారం పొందడాన్ని హక్కుగా గుర్తించింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించే పద్ధతులపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. డిజిటల్‌గా అమ్మే ఆటకు కూడా అదే సంస్థ మార్గదర్శకాలు ఇవ్వాలి. లైసెన్సు షరతులను డబ్బు కట్టే తెరమీదే, మన భాషలో, నాలుగు వాక్యాల్లో చెప్పాలి. డౌన్‌లోడ్ మొదలైనా కొంత సమయం వరకు వాపసుకు వీలుండాలి. ఒకే కుటుంబంలో పెద్దవాడి ఖాతాలోని ఆటలను చిన్నవాడి ఖాతాకు శాశ్వతంగా మార్చుకునే హక్కు ఉండాలి.

ఇదే సోనీ పిల్లల ఖాతాలకు ఖర్చు పరిమితి, ఆడే సమయపు పరిమితి తల్లిదండ్రులే పెట్టుకునే ఏర్పాటు చేసింది, అది మా ఇంట్లో రోజూ పనికొస్తోంది. పిల్లల ఖాతా మీద తల్లికి అంత అధికారం ఇవ్వగలిగిన సంస్థ, ఆ తల్లి కొన్న ఆటను ఆమె ఇష్టం వచ్చినవారికి ఇచ్చుకునే వీలు కూడా కల్పించగలదు. రాబోయే తరం ప్లేస్టేషన్‌లోనూ డ్రైవ్ ఉంచాలనీ, దాన్ని విడిగా అమ్మినా అందుబాటు ధరలో మన దేశంలో దొరికేలా చూడాలనీ కోరుతున్నాను. నియమాలు వచ్చేవరకు మన షోరూముల వారు చేయగలిగింది కూడా ఒకటుంది. డ్రైవ్ లేని పెట్టె అడిగిన తల్లిదండ్రులకు బిల్లు రాసే ముందే, ఇందులో డిస్కులు ఆడవనీ, కొన్న ఆటలు తిరిగి అమ్ముకోవడానికి ఉండదనీ చెప్పాలి. డ్రైవ్ ఉన్న పెట్టెను కూడా తెప్పించి పక్కనే ఉంచాలి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
పటమట, విజయవాడ.